ఎనిమిదేళ్ళ బాబుకి టెస్టోస్టెరాన్ 'లో' అని వచ్చింది, ఇంజెక్షన్లు వేయించాలా?

మీరు అడిగింది ఇది: బాబుకి ఎనిమిదేళ్ళు, కాస్త బొద్దుగా ఉంటాడు. స్నానం చేయిస్తూ వాళ్ళ నాయనమ్మ "వీడి అంగం వయసుకి తగ్గట్టు లేదేమో" అన్నారు. అప్పట్నుంచీ మీకు టెన్షన్. ల్యాబ్‌కి వెళ్ళి హార్మోన్ పరీక్షలు చేయించారు. మగ హార్మోన్ టెస్టోస్టెరాన్ 2.5 కంటే తక్కువ, వృషణాలను పనిచేయించే హార్మోన్లు ఎల్‌హెచ్ 0.1 కంటే తక్కువ, ఎఫ్‌ఎస్‌హెచ్ 0.8 వచ్చాయి. మొదటి రెండింటి పక్కన 'లో' అని అచ్చయింది. అది చూసి ఒకరు హార్మోన్ ఇంజెక్షన్లు మొదలుపెడదామన్నారు. మొదలుపెట్టాలా, లేక ఆరు నెలలు ఆగి మళ్ళీ పరీక్ష చేయించాలా అని మీ ప్రశ్న.

రెండూ వద్దండి. ఎనిమిదేళ్ళ మగపిల్లాడికి ఉండాల్సిన అంకెలే అవి. నిజానికి ఈ వయసులో టెస్టోస్టెరాన్ 100 వచ్చి ఉంటే నేను కంగారుపడేవాణ్ణి, వెంటనే తీసుకురమ్మనేవాణ్ణి. నేను పిల్లల హార్మోన్ల వైద్యుణ్ణి. ఇలాంటి రిపోర్టు పట్టుకుని నిద్రపట్టని తల్లిదండ్రులు నా దగ్గరికి తరచూ వస్తుంటారు. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందు ఆ 'లో' సంగతి. రిపోర్టులో కుడివైపు ఉండే 'నార్మల్ రేంజ్' చాలాచోట్ల పెద్ద మగవాళ్ళది. డెసిలీటరుకి సుమారు 300 నుంచి 1000 నానోగ్రాములు. కౌంటర్ దగ్గర బాబు పేరు పక్కన 'మేల్' అని కొట్టగానే సాఫ్ట్‌వేర్ ఆ రేంజే తగిలిస్తుంది, వయసు చూడదు. ఎనిమిదేళ్ళ పిల్లాణ్ణి పాతికేళ్ళ వాడితో పోలిస్తే 'లో' రాక ఇంకేం వస్తుంది? ఈ వయసులో టెస్టోస్టెరాన్ మామూలుగా పది లోపే ఉంటుంది. చాలాసార్లు యంత్రం కొలవగలిగే హద్దు కంటే కిందే ఉంటుంది. మీ రిపోర్టులో 'కంటే తక్కువ' అన్న గుర్తుకి అర్థం అదే.

యూనిట్లు కూడా చూసుకోండి. కొన్ని ల్యాబులు మిల్లీలీటరుకి నానోగ్రాముల్లో ఇస్తాయి, కొన్ని డెసిలీటరుకి, ఇంకొన్ని లీటరుకి నానోమోల్‌లలో. ఒక తండ్రి రెండు ల్యాబుల కాగితాలు తెచ్చి "మూడు నెలల్లో 0.1 నుంచి 10కి ఎగబాకింది డాక్టర్ గారూ" అన్నారు. ఒకటి మిల్లీలీటరు లెక్క, రెండోది డెసిలీటరు లెక్క. రెండూ ఒకటే విలువ! పైగా మామూలు కిట్లు పెద్దవాళ్ళ స్థాయిలో బాగానే కొలుస్తాయి గానీ పిల్లల స్థాయికి వచ్చేసరికి వాటిని పెద్దగా నమ్మలేం. నిజంగా అవసరమైనప్పుడు మాస్ స్పెక్ట్రోమెట్రీ పద్ధతిలో చేసే ల్యాబ్‌కే పంపిస్తాం. జుట్టుకోసమని బయోటిన్ బిళ్ళలు వాడుతుంటే అవి కూడా కొన్ని కిట్లను తప్పుదారి పట్టిస్తాయి.

ఇక అసలు విషయం. "ఈడు వచ్చేదాకా మగపిల్లల్లో మగ హార్మోన్ ఉండదు, ఆ తర్వాతే మొదలవుతుంది" అని చాలామంది అనుకుంటారు. అది సగమే నిజం. మగపిల్లాడి జీవితంలో టెస్టోస్టెరాన్ మూడుసార్లు పెరుగుతుంది. అందులో రెండు అతనికి ఏడాది నిండకముందే అయిపోతాయి.

మొదటిది కడుపులో ఉన్నప్పుడు. మూడో నెల నడిచే రోజుల్లో మావి నుంచి వచ్చే హెచ్‌సీజీ అనే హార్మోన్ పిండంలోని వృషణాలను ప్రేరేపిస్తుంది. బాబు అంగం రూపు దిద్దుకునేది అప్పుడే. ఆ తర్వాతి నెలల్లో మెదడు కింద ఉండే బిడ్డ సొంత పిట్యూటరీ గ్రంథి ఎల్‌హెచ్ ఇవ్వడం మొదలుపెడుతుంది. అంగం పొడవు పెరగడం, వృషణాలు సంచిలోకి దిగడం చాలావరకు ఈ దశ మీదే ఆధారపడతాయి.

రెండోది పుట్టాక. దీన్ని మేం మినీ ప్యూబర్టీ అంటాం. పుట్టిన వారం, పది రోజులకి ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ లేస్తాయి. ఒకటి నుంచి మూడు నెలల మధ్య టెస్టోస్టెరాన్ వంద దాటుతుంది, కొందరిలో రెండు మూడు వందలకి కూడా చేరుతుంది. అంటే ఉయ్యాల్లో ఉన్న బాబుకి, నూనూగు మీసాల కుర్రాడికి ఉన్నంత హార్మోన్ అన్నమాట! ఆరు నెలలు వచ్చేసరికి అది మళ్ళీ పడిపోతుంది.

మరి అంత హార్మోన్ ఉండి కూడా నెలల బాబులో వీర్యకణాలు ఎందుకు తయారుకావు? వృషణంలో సెర్టోలీ కణాలనేవి ఉంటాయి, వీర్యకణాలను పెంచే పని వాటిది. టెస్టోస్టెరాన్ మాట వినాలంటే వాటిలో దానికి తగిన గ్రాహకం ఉండాలి. పసివయసులో ఆ గ్రాహకం సెర్టోలీ కణాల్లో దాదాపు ఉండదు. పక్కనే హార్మోన్ ఎంత ఉన్నా వాటికి పట్టదు. నాకు ఈ ఏర్పాటు ఎప్పుడూ ముచ్చటేస్తుంది.

ఆరు నెలల తర్వాత తొమ్మిది, పదేళ్ళ దాకా నడిచేది నిశ్శబ్ద కాలం. మీ బాబు ఇప్పుడు ఉన్నది ఇందులోనే. మెదడులోని హైపోథాలమస్ జీఎన్‌ఆర్‌హెచ్ అనే హార్మోన్‌ని విడతలు విడతలుగా వదలాలి. దాన్ని బట్టి పిట్యూటరీ ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ ఇస్తుంది, వాటిని బట్టి వృషణాలు పనిచేస్తాయి. చిన్నతనంలో ఈ వరస మొత్తానికీ పైనుంచే బ్రేక్ పడుతుంది. వృషణాలు పాడై కాదు, పిట్యూటరీకి చేతకాక కాదు.

ఇది ఊహ కాదు, రుజువులున్నాయి. పుట్టుకతోనే వృషణాలు లేని బాబుల్లో పసితనంలో ఎఫ్‌ఎస్‌హెచ్ బాగా ఎక్కువగా ఉంటుంది, ఎందుకంటే "చాలు" అని కిందనుంచి చెప్పేవాళ్ళు లేరు. అదే పిల్లల్ని ఆరేడేళ్ళకి పరీక్షిస్తే చాలామందిలో ఎఫ్‌ఎస్‌హెచ్ దిగి మామూలు పిల్లల స్థాయికి దగ్గరగా వస్తుంది. పది దాటాక మళ్ళీ ఎగురుతుంది. వృషణాలే లేనప్పుడు మధ్యలో దాన్ని దించిందెవరు? మెదడే. 1980లో శాస్త్రవేత్త ఎర్న్‌స్ట్ నోబిల్ బృందం ఈడు రాని ఆడ కోతులకి గంటకోసారి జీఎన్‌ఆర్‌హెచ్ ఇస్తే వాటికి యౌవనం మొదలైంది, ఆపేస్తే మళ్ళీ చిన్నతనంలోకి వెళ్ళిపోయాయి. కింది సరంజామా అంతా సిద్ధంగానే ఉంది, పైనుంచి పిలుపే రాలేదు. అదే నోబిల్ బృందం ఇంకో సంగతి కూడా చూపించింది: జీఎన్‌ఆర్‌హెచ్‌ని విడతలుగా కాక ఆపకుండా ఇస్తే పిట్యూటరీ మూగబోతుంది. మరీ చిన్నప్పుడే ఈడు వచ్చేస్తున్న పిల్లలకి మేం ఇచ్చే ల్యూప్రొలైడ్ ఇంజెక్షన్ పనిచేసేది ఈ సూత్రం మీదే.

ఆ బ్రేక్ ఎప్పుడు, ఎలా వదులుతుందన్నది పూర్తిగా తేలలేదు గానీ కొన్ని ముక్కలు దొరికాయి. జీఎన్‌ఆర్‌హెచ్‌ని వదలమని మెదడులో చెప్పేది కిస్‌పెప్టిన్ అనే పదార్థం; దాని గ్రాహకం జన్యువు పాడైన కుటుంబాల్లో పిల్లలకి ఈడే రాలేదని 2003లో తెలిసింది. ఎంకేఆర్ఎన్3 అనే జన్యువు దెబ్బతింటే ముందే వచ్చేస్తుందని 2013లో తెలిసింది. ఈ రెండోది తమాషా జన్యువు, తండ్రి నుంచి వచ్చిన కాపీ మాత్రమే పనిచేస్తుంది. అందుకే చిన్నప్పుడే ఈడు వచ్చిన పిల్లల విషయంలో తండ్రి తరపు వాళ్ళ సంగతులు కూడా గుచ్చి గుచ్చి అడుగుతాం.

నిశ్శబ్ద కాలమన్నాను కదా అని వృషణాలు ఊరికే కూర్చున్నాయనుకోకండి. సెర్టోలీ కణాలు ఈ ఏళ్ళన్నీ నెమ్మదిగా పెరుగుతూ ఏఎంహెచ్, ఇన్‌హిబిన్ బి అనే రెండు హార్మోన్లు తయారుచేస్తుంటాయి. చిన్నపిల్లాడిలో ఏఎంహెచ్ పెద్ద మగవాడిలో కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. వృషణం లోపల టెస్టోస్టెరాన్ పెరగడం మొదలయ్యాక ఇది పడిపోతుంది. కాబట్టి ఎనిమిదేళ్ళ వాడికి వృషణాలు ఉన్నాయా, పనిచేస్తున్నాయా అని రక్తంలో చూడాలంటే అడగాల్సింది ఏఎంహెచ్, ఇన్‌హిబిన్ బి. టెస్టోస్టెరాన్ కాదు. ఒక ఐదేళ్ళ బాబుకి రెండు వైపులా చేతికేం తగల్లేదు, స్కాన్‌లోనూ కనబడలేదు. "అసలు లేవేమో" అని రాసిచ్చి పంపారు. ఏఎంహెచ్ చూస్తే చక్కగా ఉంది. లాపరోస్కోపీలో రెండూ కడుపులో దొరికాయి. మీ బాబుకి మాత్రం ఈ పరీక్షలు కూడా అక్కర్లేదు. సంచిలో రెండూ చేతికి తగులుతున్నాయని మీరే రాశారు.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఇదే 'తక్కువ' అన్న అంకె ఎనిమిదేళ్ళప్పుడు ఏమీ చెప్పదు గానీ రెండు నెలలప్పుడు చాలా చెబుతుంది. అంగం మరీ చిన్నగా ఉండి, వృషణాలు దిగని రెండు నెలల బాబుని ఒకసారి నా దగ్గరికి తెచ్చారు. పుట్టిన వారంలో షుగర్ పడిపోయి ఐసీయూలో ఉన్నాడు, కామెర్లు కూడా తొందరగా తగ్గలేదు. ఎల్‌హెచ్, టెస్టోస్టెరాన్ ఎక్కువగా ఉండాల్సిన ఆ వయసులో రెండూ అడుగంటి ఉన్నాయి. కార్టిసాల్, థైరాయిడ్ చూస్తే అవీ తక్కువే. పిట్యూటరీయే సరిగ్గా ఏర్పడలేదు. కార్టిసాల్ లోటు ప్రాణాల మీదకి తెచ్చేది, దానికి ముందు మందు పెట్టాం. ఆ తర్వాతే కొద్ది మోతాదులో టెస్టోస్టెరాన్ ఇచ్చాం, అంగం బాగా పెరిగింది. అదే బాబుని ఏడాది దాటాక తెచ్చి ఉంటే, ఎల్‌హెచ్, టెస్టోస్టెరాన్ చూసి ఏమీ తేల్చగలిగేవాళ్ళం కాదు, ఆ వయసులో అందరికీ అవి తక్కువే. ఆ కిటికీ ఒకసారి మూసుకుంటే మళ్ళీ పదేళ్ళు ఆగాలి.

అందుకే ఇది చదివే వాళ్ళలో నెలల బాబులున్న ఇళ్ళవాళ్ళకి: సాగదీసి కొలిస్తే అంగం 2.5 సెంటీమీటర్లు రాకపోయినా, వృషణాలు దిగకపోయినా మూడు నెలల లోపే చూపించండి. వృషణాలు వాటంతట అవే దిగడానికి ఆరు నెలల దాకా చూస్తాం. ఆ తర్వాత దిగడం అరుదు, ఏడాది, మహా అయితే ఏడాదిన్నర లోపు ఆపరేషన్ అయిపోవాలి. "పెద్దయ్యాక దిగుతాయిలే" అన్న మాట వినకండి. పుట్టిన బిడ్డకి రెండు వైపులా వృషణాలు చేతికి తగలకపోతే మాత్రం ఒక్కరోజు కూడా ఆగొద్దు. మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథి జబ్బు వల్ల మగబిడ్డలా కనిపిస్తున్న ఆడబిడ్డ కూడా అయ్యుండొచ్చు. ఆ జబ్బుని గుర్తించకపోతే రెండు మూడు వారాల్లో ఒంట్లో ఉప్పు పడిపోయి ప్రాణాపాయం.

మళ్ళీ మీ బాబు దగ్గరికి. నాయనమ్మగారి అనుమానానికి జవాబు రక్తంలో లేదు, స్కేలులో ఉంది. బొద్దుగా ఉన్న పిల్లలకి పొత్తికడుపు కింద ఎముక మీద కొవ్వు మెత్తలా పేరుకుని అంగం సగం అందులో కూరుకుపోతుంది. బాబుని పడుకోబెట్టి, స్కేలుని ఆ కొవ్వులోకి ఎముక తగిలేదాకా నొక్కి, అంగాన్ని మెల్లగా సాగదీసి కొన దాకా కొలవాలి. ముందు చర్మం లెక్కలోకి రాదు. మీ బాబు వయసులో సగటు 6 సెంటీమీటర్ల పైచిలుకు ఉంటుంది. 3.8 కంటే తక్కువైతేనే 'మైక్రోపెనిస్' అని ఆలోచిస్తాం. చిన్నగా ఉందని నా దగ్గరికి తెచ్చిన బొద్దు పిల్లల్లో చాలామందికి కొలిచాక మామూలుగానే తేలింది. తల్లి కళ్ళముందే కొలిచి చూపిస్తాను, లేకపోతే ఇంటికెళ్ళాక మళ్ళీ అనుమానం మొదలవుతుంది. ఒక మాట, ఈ కొలతల గురించి బాబు ముందు మాట్లాడుకోకండి. ఎనిమిదేళ్ళ వాడికి అన్నీ అర్థమవుతాయి.

తర్వాత చూసేది వృషణాల పరిమాణం. మా టేబుల్ మీద ఒక పూసల దండ ఉంటుంది, స్విట్జర్లాండ్ వైద్యుడు ఆండ్రియా ప్రాడర్ పేరు మీద. కోడిగుడ్డు ఆకారంలో 1 మిల్లీలీటరు నుంచి 25 దాకా వరసగా పన్నెండు పూసలు. ఒక చేత్తో పిల్లాడి వృషణం, రెండో చేత్తో పూస పట్టుకుని సరిపోల్చడమే. ఒకటి, రెండు, మూడు అయితే ఈడు ఇంకా రాలేదు. నాలుగుకి వస్తే మొదలైంది. మగపిల్లల్లో ఈడుకి మొదటి గుర్తు మీసమూ కాదు, గొంతు మారడమూ కాదు. ఈ మూడు నుంచి నాలుగుకి రావడమే. ఇది ఇంట్లో ఎవరికీ తెలియకుండానే జరిగిపోతుంది, సగటున పదకొండు పన్నెండేళ్ళ మధ్య.

దానికీ కొన్ని నెలల ముందే హార్మోన్ కదలిక మొదలవుతుంది, అదీ రాత్రిపూట. పిల్లాడు నిద్రపోయాక ఎల్‌హెచ్ అలలు లేస్తాయి, తెల్లారేసరికి టెస్టోస్టెరాన్ కాస్త పైకొస్తుంది, మధ్యాహ్నానికి మాయం. 1972లోనే ఎల్‌హెచ్‌కీ నిద్రకీ ఉన్న ఈ సంబంధాన్ని గుర్తించారు. ఇంకా సున్నితమైన పరీక్షలు వచ్చాక ఈడు రాని పిల్లల్లో కూడా చిన్న చిన్న అలలు కనిపించాయి. కాబట్టి పది, పదకొండేళ్ళ పిల్లాడికి ఈ పరీక్ష చేయాల్సివస్తే పొద్దున ఎనిమిదింటికే రక్తం ఇవ్వాలి. స్కూల్ వదిలాక సాయంత్రం తీసుకెళ్ళి ఇచ్చిన రక్తానికి 'తక్కువ' అని వస్తే అది పరీక్ష కిందే లెక్కకాదు.

ఇంజెక్షన్లు ఎందుకు వద్దంటున్నానో కూడా చెప్పాలి. అవసరం లేని పిల్లాడికి టెస్టోస్టెరాన్ ఇస్తే ముందు అందరూ సంతోషిస్తారు. అంగం పెరుగుతుంది, ఎత్తూ గబగబా పెరుగుతుంది. లోపల ఎముకల చివర్లు కూడా అంతే వేగంగా ముదురుతాయి, ముందే మూసుకుపోతాయి. ఐదో క్లాసులో అందరికంటే పొడుగు, ఇంటర్‌కొచ్చేసరికి అందరికంటే పొట్టి. పైగా కొంతకాలం అలా నడిస్తే మెదడు బ్రేక్ వదిలేసి అసలు ఈడు కూడా ముందే మొదలైపోవచ్చు. నిజమైన మైక్రోపెనిస్‌కి కొద్ది మోతాదులో, కొద్ది నెలలు ఇస్తాం, అదీ ఎముక వయసు (ఎముకలు ఎంత ముదిరాయో ఎక్స్‌రేలో తేల్చే లెక్క) చూసుకుంటూ. మీ బాబుకి ఇంతవరకు ఎవరూ అంగం కొలవనే లేదు, మందు దాకా ఎలా వెళ్తారు? లేహ్యాలు, 'పవర్' పొడులు కూడా ఇదే కోవ. లోపల ఏం కలిపారో తెలియనిది పిల్లాడి నోట్లో పెట్టకండి. బ్రాయిలర్ కోడి మాట కూడా ఎవరో ఒకరు ఎత్తుతారు కాబట్టి ముందే చెప్పేస్తున్నాను: ఆ కోడి తొందరగా పెరగడానికి కారణం దాని జాతి, మేత. హార్మోన్ కాదు. బరువు కోసం వేపుళ్ళు తగ్గించండి, అది వేరే విషయం.

మరి ఎప్పుడు కంగారుపడాలి? తొమ్మిదేళ్ళ లోపు మగపిల్లాడిలో తక్కువ హార్మోన్‌కి కాదు, ఎక్కువ హార్మోన్ గుర్తులకి భయపడాలి. కింద వెంట్రుకలు, మొటిమలు, గొంతు బొంగురుపోవడం, ఒక్క ఏడాదిలో చొక్కాలన్నీ పొట్టైపోవడం లాంటివి. అప్పుడు కూడా మొదట చూసేది వృషణాలనే. రెండూ పెరిగి ఉంటే పిలుపు మెదడు నుంచి వచ్చినట్టు. ఆడపిల్లల్లో దీనికి చాలాసార్లు కారణమే దొరకదు గానీ మగపిల్లల్లో మెదడులో గడ్డలాంటిది ఉండే అవకాశం ఎక్కువ, అందుకని ఎంఆర్ఐ తప్పదు. ఒకవైపే పెరిగితే ఆ వృషణంలో గడ్డ ఉందేమో చూస్తాం. రెండూ చిన్నగానే ఉండి వెంట్రుకలు వస్తే హార్మోన్ ఇంకెక్కడి నుంచో వస్తోంది. ఒక ఆరేళ్ళ బాబు క్లాసులో అందరికంటే పొడుగు, "అచ్చం వాళ్ళ తాత పోలిక" అని ఇంట్లో మురిసిపోయారు. వృషణాలు రెండు మిల్లీలీటర్లే, కింద వెంట్రుకలు నిండుగా, ఎముక వయసు పదకొండు. 17 ఓహెచ్‌పీ అనే రక్తపరీక్షలో అడ్రినల్ గ్రంథి జబ్బు బయటపడింది. ఇంకొక పిల్లాడిలో ఏ గ్రంథీ కారణం కాదు. తండ్రి భుజానికి రాసుకునే టెస్టోస్టెరాన్ జెల్ ఎత్తుకున్నప్పుడల్లా బాబు చర్మానికి అంటుతోంది. అలాంటి జెల్ వాడే నాన్నలు రాసుకున్నాక చేతులు సబ్బుతో కడిగి, చొక్కా వేసుకున్నాకే పిల్లల్ని ఎత్తుకోవాలి.

చెమట వాసన, ఒకటీ అరా వెంట్రుక మాత్రమే ఉంటే అది చాలావరకు అడ్రినార్కీ. అడ్రినల్ గ్రంథి ఆరు నుంచి ఎనిమిదేళ్ళ మధ్య డీహెచ్ఈఏ సల్ఫేట్ అనే బలహీన హార్మోన్ వదలడం మొదలుపెడుతుంది. బొద్దు పిల్లల్లో ఇది కాస్త ముందే కనబడొచ్చు. ఇది వృషణాల ఈడు కాదు. అయినా తొమ్మిదేళ్ళ లోపు వెంట్రుకలు కనిపిస్తే ఒకసారి చూపించడమే మంచిది.

మీరు చేయాల్సింది: కొలిచి చూసే పిల్లల డాక్టర్ దగ్గరికి ఒక్కసారి తీసుకెళ్ళండి. పుట్టినప్పటి డిశ్చార్జ్ కాగితం ఉంటే పట్టుకెళ్ళండి, అందులో వృషణాల గురించి, షుగర్ గురించి రాసి ఉంటే చాలా ఉపయోగం. బాబుకి మల్లెపూల వాసన, ఇంగువ వాసన తెలుస్తున్నాయో లేదో గమనించండి. వాసన బొత్తిగా తెలియకపోతే కాల్‌మన్ సిండ్రోమ్ (వాసన తెలియకపోవడంతో పాటు ఈడు కూడా రాని పుట్టుక లోపం) అన్న అనుమానం వస్తుంది, ఆ సంగతి డాక్టర్‌కి చెప్పాలి. మీ వారిని ఏ క్లాసులో గొంతు మారిందో, ఎప్పుడు మొదటిసారి గెడ్డం గీసుకున్నారో అడగండి. ఆయనకి ఆలస్యంగా వచ్చి ఉంటే కొడుక్కీ అలాగే రావొచ్చు. రక్తపరీక్ష మాత్రం మళ్ళీ చేయించకండి. ఆరు నెలలకోసారి ఎత్తు, బరువు రాసిపెట్టుకోండి. తొమ్మిది దాటాక ఏడాదికోసారి వృషణాలు చూపిస్తే సరిపోతుంది. పద్నాలుగు నిండినా పూసల దండలో నాలుగో పూసకి రాకపోతే అప్పుడు పొద్దున్నే ఇచ్చిన రక్తంతో ఈ మూడు పరీక్షలూ చేయించండి, ఆ వయసులో వచ్చే అంకెలు పనికొస్తాయి.